సెక్రటరీ గారు గీసిన లైను

మా ఆఫీసులో ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటి ఉండేది. నడిచి చూడని లైను గురించి ఎవరూ నోరు విప్పకూడదు.

కరెంటు లైను వేసే ముందు సర్వేయర్లు ఆ దారంతా కాలినడకన పోతారు. టవరు ఎక్కడ నిలబడుతుంది, తీగ ఎవరి ఇంటి మీదుగా వెళ్తుంది, క్రేను ఏ సందులో ఇరుక్కుంటుంది అన్నీ నడిస్తేనే తెలుస్తాయి. మా పెద్దాయన విద్యుత్ శాఖలో చేరిన కొత్తలో చేసిన పని అదే. రిటైరయ్యాక ఆయన, కరెంటు వ్యవహారాల్లో మామూలు జనం మాట్లాడటానికి సాయపడే ఒక చిన్న సంస్థ పెట్టారు. నేను ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో విద్యుత్ లైన్ల నమూనాలను తెర మీద తయారుచేసే ఉద్యోగం మానేసి ఆయన దగ్గర చేరాను. ఇప్పుడు ఆ పని కూడా వదిలేశాను. తల నెరవకుండానే జ్ఞాపకాలు మొదలుపెట్టాడేమిటని నవ్వుకుంటే నవ్వుకోండి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు ఆ ఒక్క లైను కథ చెప్పి తీరాలనిపించింది.

ముందుగా తెలియాల్సినవి నాలుగు. ఒకటి, మనం పారేసే చెత్తను కాల్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీసే ప్లాంటులు ఊరి చుట్టూ వస్తున్నాయి. రెండు, అక్కడ పుట్టిన కరెంటు సబ్‌స్టేషన్ దాకా రావాలంటే లైను కావాలి. మూడు, ప్లాంటు కరెంటు ధరైనా, లైను ఖర్చయినా చివరికి చేరేది మన బిల్లుల్లోకే. నాలుగు, అందుకే వాటికి అనుమతి ఇచ్చే ముందు విద్యుత్ నియంత్రణ మండలి ఆ సంగతి జనానికి చెప్పాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, వాటికి కంపెనీ చేత రాతపూర్వకంగా జవాబు చెప్పించాలి, ఆపైన బహిరంగ విచారణ పెట్టాలి. ఆ విచారణలో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. మామూలు మనిషి నిలబడి ఒక పెద్ద కంపెనీని ప్రశ్న అడిగి, జవాబు రాబట్టగలిగే చోట్లు మనకు ఎన్నో లేవు. ఉన్నవాటిలో ఇదొకటి.

ఊరి బయట కట్టిన అలాంటి ఒక ప్లాంటు నుంచి మన ఐటీ కారిడార్‌లోని సబ్‌స్టేషన్‌కు లైను వేస్తామని ఆ ప్లాంటు కంపెనీ దరఖాస్తు పెట్టింది. మొదట అనుకున్న దారి కోకాపేటలోని ఒక అపార్ట్‌మెంటు టవర్ల సముదాయం పక్కనుంచి పోయేది. అక్కడివాళ్లు ఊరుకోలేదు. వాట్సాప్ గ్రూపు, డ్రోనుతో తీసిన వీడియో, రంగురంగుల స్లైడ్లు అన్నీ రెండు వారాంతాల్లో తయారైపోయాయి. వాళ్ల సంఘం సెక్రటరీ రాయలసీమ మనిషి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద టీమును నడిపేవాడు. మైకు అవసరం లేని గొంతు.

ఆ సెక్రటరీ గారు అభ్యంతరంతో ఆగలేదు. మా ఐటీ వాళ్లకు ఒక అలవాటుంది. సమస్య ఒక్కటే చెబితే మేనేజరు ఒప్పుకోడు, పరిష్కారం కూడా పట్టుకురమ్మంటాడు. ఏళ్ల తరబడి అలా నలిగి నలిగి, చివరికి ఎవరూ అడక్కపోయినా పరిష్కారం జేబులో పెట్టుకుని తిరుగుతాం. ఆయన కూడా ఉపగ్రహ చిత్రం తెరిచి, తమ టవర్లకు దూరంగా, ఖాళీగా కనిపించిన చోటు మీదుగా ఒక నీలం గీత గీసి, 'ప్రత్యామ్నాయ మార్గం' అని పేరు పెట్టి అభ్యంతరానికి జతచేశాడు.

కంపెనీ ఎగిరి గంతేసింది. ఆ దారి వాళ్లు అనుకున్నదాని కంటే పొట్టిది. పైగా దాని కింద లాయర్లను పెట్టుకోగలిగినవాళ్లు ఎవరూ లేరు. 'ప్రజల సూచనను గౌరవించి మార్గాన్ని సవరించాం' అని జవాబు రాసి మండలికి పంపింది.

ఆ జవాబు ప్రతి పట్టుకుని ఒకరోజు ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. గచ్చిబౌలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నానక్‌రామ్‌గూడ పాత ఊరికి ఆనుకుని ఉన్న బస్తీలో సొంత ఇల్లు. అందరూ సిస్టర్ అనే పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాం.

"సార్, గీ ప్రజలంటే ఎవరు?" అంది కూర్చోకుండానే.

"ఏ ప్రజలమ్మా?" అన్నారు పెద్దాయన.

"గిట్ల రాసిన్రు. మా ఇండ్ల మీదకెళ్లి లైను ఏయమని ప్రజలే అడిగిన్రంట. బస్తీ అంత తిరిగి అడిగిన. గా ప్రజలు ఒక్కలు గూడ దొరకలే."

పెద్దాయన నవ్వారు. ఆమె నవ్వలేదు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాక అసలు సంగతి చెప్పింది. ఆమెకు ఒక చెల్లెలు ఉంది. ఆమె కూడా అదే ఆసుపత్రిలో నర్సు, నిజాంపేటలో కిరాయికి ఉంటోంది. ఇద్దరికీ చిన్నపిల్లలే. ఒకరు పగటి డ్యూటీ, ఒకరు రాత్రి డ్యూటీ వేయించుకుని, ఇంట్లో ఉన్నవాళ్లు పిల్లలందరినీ చూసుకుంటున్నారు. కానీ రోజూ పిల్లలను నిజాంపేట నుంచి నానక్‌రామ్‌గూడకు, మళ్లీ అటూ ఇటూ తిప్పడం ఇక చెల్లెలి వల్ల కావడం లేదు. వానలు తగ్గగానే సిస్టర్ ఇంటి మీద చెల్లెలికి పై అంతస్తు వేయాలని అక్కాచెల్లెళ్లు అనుకున్నారు.

"లైను కింద పైకి లేపనియ్యరంట గద సార్?"

"లేపనివ్వరు" అన్నాను.

"అయితే మా చెల్లె నౌకరి పోయినట్లే. పిల్లల్ని ఎవలకిచ్చి పోతది?"

ఆమె వెళ్లగానే నేను కంప్యూటరు ముందు కూర్చుని, టవర్లవాళ్లు తమ బెడదను పేదల నెత్తికి చుట్టారంటూ ఘాటుగా ఒక అభ్యంతరం రాసేశాను. పెద్దాయన చదివి కళ్లజోడు తీశారు.

"బాగా రాశారు బాబూ. కంపెనీవాళ్లు దీనికి పటం కట్టించుకుంటారు."

"అదేంటండీ?"

"వీళ్లు వాళ్ల మీదకు తోస్తారు, వాళ్లు వీళ్ల మీదకు తోస్తారు. జనమే రెండు ముక్కలైతే మండలి మాత్రం ఏం చేస్తుందండీ? చౌకగా కనబడ్డ దారికి సంతకం పెట్టి లేస్తుంది."

"మరేం చేద్దాం?"

"నడిపించండి."

"ఎవర్ని?"

"గీసినాయన్ని."

సెక్రటరీ గారికి ఫోన్ చేశాను.

"నడిచేదేందప్పా? అంతా మ్యాపులోనే ఉండాది కదా."

"విచారణలో 'మీరు నడిచి చూశారా' అని అడిగితే ఏం చెబుతారు సార్?"

సమీక్ష సమావేశంలో జవాబు లేని ప్రశ్న ఎదురవడం కంటే మా ఐటీ వాళ్లకు పెద్ద భయం మరొకటి లేదు. "ఆదివారం వస్తా" అన్నాడు.

మెరిసిపోయే నడక బూట్లు, నెత్తిన టోపీ, చేతిలో ఫోను, ఫోనులో నీలం గీతతో దిగాడు. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు దగ్గర మొదలుపెట్టాం. మొదట అంతా ఆయన చెప్పినట్టే ఉంది. అద్దాల భవనాల వెనక ఖాళీ జాగా, పిచ్చిమొక్కలు, పార్క్ చేసిన ఆఫీసు క్యాబులు. "చూసినావా, నేను చెప్పలే?" అన్నాడు ఉత్సాహంగా. తర్వాత హాస్టళ్లు వచ్చాయి. వాటి వెనక సందు. సందు మలుపులో సిస్టర్ నిలబడి ఉంది, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది. ఆయనెవరో ఆమెకు ముందే చెప్పాను. నమస్తే పెట్టి, ఇంకేమీ అనకుండా మా ముందు నడిచింది.

సందులో అడుగు పెట్టాక సెక్రటరీ గారి నడక నెమ్మదించింది. ఫోను చూస్తాడు, తలెత్తి ఆకాశం చూస్తాడు, మళ్లీ ఫోను చూస్తాడు. ఉపగ్రహ చిత్రంలో బూడిద రంగు మచ్చల్లా కనిపించినవి రేకుల ఇళ్లు. గోడలు ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో గాలి కూడా పక్కకు తిరిగి పోవాల్సినంత దగ్గరగా ఉన్నాయి.

ఒక ఇంటి ముందు అరుగు మీద ముసలావిడ వెల్లుల్లి పొట్టు తీస్తోంది.

"ఏం జూస్తున్నవ్ సారూ మీదికి? విమానం తప్పిపోయిందా?"

"లేదమ్మా, ఇక్కడ లైను ఒకటి..."

"గా లైనా! మీరు దాన్ని ఆపనీకి వచ్చిన్రా? కూసో బిడ్డా, కూసో. చాయ్ తాగు."

వద్దంటే వినలేదు. అరుగు మీద ఆయన్ని కూర్చోబెట్టి, గ్లాసులో చాయ్ పోసి చేతికిచ్చింది. ఇచ్చి, మళ్లీ వెల్లుల్లి ముందేసుకుని తీరిగ్గా తిట్టడం మొదలుపెట్టింది.

"గా గీత గీసినోడు ఎవడో గని, వాని మంచం మీదకెళ్లి రైలు పోను! గింత పెద్ద ఊరు గనవడలేదా వానికి? కండ్లల్ల ఏం వోసుకున్నడు?"

సెక్రటరీ గారు చాయ్ ఒక గుక్క తాగాడు.

"సదువుకున్నోడే అయ్యుంటడు. సదువుకోనోడు గింత నున్నగ గీయలేడు."

ఇంకో గుక్క.

"ఏంది బిడ్డా, మొఖం గట్లయింది? చాయ్‌ల షక్కర్ తక్కువైందా?"

"లేదమ్మా, బాగుండాది."

సిస్టర్ పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు నిద్ర మత్తు వదిలిపోయినట్టుంది. "పెద్దమ్మా, గా గీసినాయన నీకు దొరికితే ఏం జేస్తవ్?" అని అడిగింది.

"ఏం జేస్త? మనిషే గద. గీడనే కూసోవెట్టి చాయ్ వోస్త. తాగినంక అడుగుత, ఇగ జెప్పు, నీ గీత ఏడికెళ్లి పోతదని."

సెక్రటరీ గారికి పొలమారింది. ముసలావిడ లేచి వచ్చి నెత్తి మీద తట్టింది.

అక్కడినుంచి సిస్టర్ ఇంటి మిద్దె ఎక్కాం. పై అంతస్తు కోసం వదిలిన ఇనుప చువ్వలు నాలుగు మూలలా నిలబడి ఉన్నాయి. ఫోనులో మేమున్న చోటు చూపే చుక్క సరిగ్గా నీలం గీత మీద ఉంది. ఆయన ఒక చువ్వ పట్టుకుని ఊపి చూశాడు.

"పైన ఎవరికమ్మా?"

"మా చెల్లెకు." డ్యూటీల సంగతి, పిల్లల సంగతి చెప్పింది. ఆయన గీత మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే పని చెడేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోల అడ్డా దగ్గర ఆయన ఆగాడు.

"నన్ను కావాలనే పిలుచుకొచ్చినావు గదప్పా."

"అవును సార్."

"మంచోడివి కాదు నువ్వు."

"కాదు సార్."

"ఇప్పుడు నేనేం చేయాల? పాత దారే వేసుకోండని చెప్పాల్నా? మావాళ్లు నన్ను లిఫ్టు గూడా ఎక్కనీరు."

"అది వద్దు, ఇది కూడా వద్దు. సర్వీసు రోడ్డు పక్కన పైపుల కోసం వదిలిన జాగా ఉంది. దాని కింద కేబుల్ వేయమందాం. రెండు చోట్లవాళ్లూ కలిసి అడుగుదాం."

"ఖర్చు ఎక్కువ అంటారు."

"అంటారు. చూద్దాం."

ఆయన మాట ఇవ్వలేదు. సంఘాన్ని అడగాలన్నాడు. కానీ వారం తిరక్కుండా ఆయన టీములో లెక్కలు తెలిసిన ఇద్దరిని మా ఆఫీసుకు పంపాడు. కంపెనీ వేసిన అంచనాను అందరం ముందేసుకున్నాం. మీకు పనికొచ్చే సాంకేతిక సంగతి ఇక్కడ ఒక్కటే ఉంది. లైను నేరుగా పోయినంతసేపు మామూలు టవరు చాలు. తిరిగే ప్రతి మూల దగ్గర మాత్రం, తీగలు పక్కకు లాగుతుంటే తట్టుకోగల బరువైన టవరు, దానికి తగ్గ పునాది కావాలి. ఇరుకు బస్తీలో టవరు పట్టే చోటు వెతుక్కుంటూ అన్ని వంకరలు తిరగాల్సిన దారికి కంపెనీ అంతా మామూలు టవర్లే లెక్క వేసింది. కేబుల్‌కు మాత్రం ఊరంతా చుట్టివచ్చే దారి పట్టుకుని, ఆ ఖర్చు చూపించి భయపెట్టింది. రెండింటినీ న్యాయంగా పోల్చితే తేడా భయపడాల్సినంత లేదు.

లెక్క సిద్ధమైంది. కానీ కంపెనీ చేతిలో 'ప్రజల సూచన' అనే ముక్క ఉన్నంతకాలం ఆ లెక్క ఎవరూ చదవరని పెద్దాయన అన్నారు. ఆ ముక్కను వెనక్కి తీసుకోగలిగింది ఒక్క సెక్రటరీ గారే. విచారణ ముందు రోజు ఫోన్ చేశాను. "మీటింగులో ఉండాను" అని పెట్టేశాడు. టవర్లలో గొడవ జరుగుతోందని వేరేవాళ్ల ద్వారా తెలిసింది. లైను మన పక్కనుంచి తప్పుకుంది కదా, ఇంకా ఎందుకు కెలకడం అని సగం మంది పట్టుబట్టారట.

విచారణ రోజు హాలు నిండిపోయింది. వేదిక మీద మండలి అధ్యక్షుడు, సభ్యులు. ముందు వరుసలో ఫైళ్లతో కంపెనీ అధికారులు. ఎడమవైపు బస్తీవాళ్లు, ముసలావిడ కూడా వచ్చింది. కుడివైపు టవర్లవాళ్లు. మధ్యలో దారి. సెక్రటరీ గారు నావైపు చూడలేదు. సిస్టర్ డ్యూటీ మార్చుకుని వచ్చింది. "ఏమంటడు తమ్ముడూ గా సారు?" అని గుసగుసగా అడిగింది. తెలియదన్నాను. 

కంపెనీ అధికారి లేచి, ప్రజల సూచన మేరకు, ప్రజల కోరికను మన్నించి, ప్రజా భాగస్వామ్యంతో అంటూ చాలాసేపు మాట్లాడాడు. తర్వాత వరుస సంఖ్య పిలిచారు. సెక్రటరీ గారు లేచాడు. స్లైడ్లు పెట్టడానికి ఒక కుర్రాడు ముందుకొస్తే వద్దని చెయ్యి ఊపాడు.

"అయ్యా, ఇందాకటి నుంచి కంపెనీవాళ్లు ప్రజలు, ప్రజలు అంటా ఉండారు. ఆ ప్రజలు నేనే."

హాలు ఒక్కసారి నవ్వింది.

"నేనొక్కణ్ణే. ఏసీ గదిలో కూర్చుని మౌసుతో గీసినాను. దాని కింద ఇండ్లు ఉండాయని నడిచేదాకా నాకు తెలీదు. ఆ సూచన వెనక్కి తీసుకుంటా ఉండాను. ఇది మా సంఘం తీర్మానం. రాత్రి శానా అరుచుకున్నాం గానీ, తీర్మానం అయింది. లైను మా పక్కన వద్దు, వాళ్ల నెత్తినా వద్దు. భూమి కింద పోనీండి."

వెనకనుంచి ఒక గొంతు లేచింది. "ఓరి నీ! గీసింది నువ్వేనా?"

అధ్యక్షుడు ఆ వైపు చూశాడు. "అమ్మా, మీ వంతు వచ్చినప్పుడు మాట్లాడండి."

"గిదే నా వంతు సారూ! చాయ్ గూడ వోసిన నేను!"

ఈసారి వేదిక మీదివాళ్లు కూడా నవ్వారు. సెక్రటరీ గారు వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించాడు. ముసలావిడ కూర్చుంటూ, "మంచిగనే ఒప్పుకున్నడు తియ్" అని పక్కవాళ్లకు చెప్పింది. హాలంతా వినిపించింది.

నవ్వులు ఆగాక అధ్యక్షుడు కంపెనీవైపు తిరిగాడు. "మీ మార్గానికి ప్రజల సూచనే ఆధారమన్నారు. ఆ సూచన ఇప్పుడు లేదు. మరి ఆధారమేమిటి?"

"ఖర్చు తక్కువ సార్."

నా వంతు వచ్చింది. నేను ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. కానీ లేచాక ఒక్క ప్రశ్నే అడిగాను. "ఈ అంచనాలో మూల టవర్లు ఉన్నాయా సార్?"

అధికారి పక్కవాడితో మాట్లాడాడు. పక్కవాడు ఫైలు తిరగేశాడు. "సాధారణంగా ప్రాథమిక అంచనాల్లో..."

"ఉన్నాయా, లేవా?" అన్నాడు అధ్యక్షుడు.

"లేవు సార్."

"మీ ఇంజనీర్లు ఈ దారి నడిచారా?"

"డ్రోన్ సర్వే చేశాం సార్."

"నడిచారా అని అడిగాను."

అధికారి మళ్లీ ఫైలు తెరిచాడు. పెద్దాయన నా మోచేతిని గట్టిగా నొక్కారు.

సిస్టర్‌ను పిలిచారు. ఆమె కాగితం చూడలేదు. "కరెంటు వద్దంటలేను సార్. వార్డుల కరెంటు పోతే ఏమైతదో నాకెర్కే. చెత్త కాలవెట్టి తీస్తరో, ఎట్ల తీస్తరో, లైను గావాలె. భూమిలకెళ్లి తీస్కపోండ్రి. మా ఇంటి మీద ఇంకో అంతస్తు లేస్తెనే మా చెల్లె నౌకరి నిలవడ్తది. ఒక నర్సు తక్కువైతే గా దవాఖానకు గూడ నష్టమే." అంతే చెప్పి కూర్చుంది. టవర్లవైపు నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. చప్పట్లు కొట్టకూడదని సిబ్బంది చెప్పేలోపు రెండు వైపులా మోగిపోయాయి.

బస్తీ మీదుగా పోయే దారికి ఖర్చు అనుమతించేది లేదని అధ్యక్షుడు అక్కడే చెప్పాడు. సర్వీసు రోడ్డు వెంట కేబుల్‌కు సరైన అంచనాతో మళ్లీ రావాలనీ, వచ్చే ముందు రెండు చోట్లవాళ్లనూ వెంటబెట్టుకుని ఆ దారి నడవాలనీ అన్నాడు. కంపెనీ ఇంజనీర్లు నడిచారు. సెక్రటరీ గారు అదే బూట్లతో వాళ్ల ముందు నడిచి, మ్యాన్‌హోళ్లు చూపించాడట. కొన్ని నెలలకు తుది ఉత్తర్వు వచ్చింది. కేబుల్‌కు అనుమతి. సిస్టర్‌కు ఫోన్ చేశాను.

"జల్ది చెప్పు తమ్ముడూ, డ్యూటీకి పోతున్న."

"భూమిలోనే, సిస్టర్."

వెంటనే దూరంగా, ఫోను పక్కకు పెట్టి ఎవరినో పిలుస్తున్న గొంతు వినబడింది. "ఏయ్ చెల్లె! ఇటు రా, జర!"

మరుసటి ఏడాది అదే ప్లాంటు కరెంటుకు ధర పెంచాలని కంపెనీ అడిగింది. మళ్లీ విచారణ. మేము ఎప్పటిలా ప్రశ్నలు వరుసగా రాసుకుని వెళ్లాం. హాల్లోకి వెళ్లి చూస్తే మధ్య వరుసల్లో టవర్లవాళ్లూ బస్తీవాళ్లూ కలిసి కూర్చుని ఉన్నారు. పేర్లు నమోదు చేసే అధికారి నన్ను ఆపి, "మీరు ఇంతమందిని తెచ్చారేంటండీ?" అన్నాడు.

"నేను తేలేదు సార్" అన్నాను. నిజంగా మాకు తెలియదు.

సెక్రటరీ గారు లేచి చిమ్నీలోంచి వచ్చే పొగ కొలతలు జనానికి ఎందుకు చూపించరని అడిగాడు. ఆయన తర్వాత సిస్టర్ చెల్లెలు లేచింది. అక్క ఇంటి పై అంతస్తులోకి మారి ఆమెకు కొన్ని వారాలే అయింది. వానాకాలం తడి చెత్త కాలదు కదా, ఆ నెలల్లో ఏం కాలుస్తారు, దానికి ధర ఎవరు కట్టాలి అని అడిగింది. అధికారి తడబడితే, తడబడిన చోటనే పట్టుకుని మళ్లీ అడిగింది. పక్కన అక్క, అటు పక్కన టవర్ల నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరు. ఒకరు వదిలింది ఇంకొకరు అందుకున్నారు.

నా సంఖ్య పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది. చేతిలో కాగితం చూసుకున్నాను. పెద్దాయన వైపు చూశాను. ఆయన అప్పటికే సంచి సర్దుకుంటున్నారు.

లేచి నిలబడి, "నేను అడగాలనుకున్నవన్నీ వీళ్లు అడిగేశారు సార్. నాకింకేం లేవు" అని చెప్పి కూర్చున్నాను.